బి.ఇ. బావ దగ్గర లెక్కలు

మొదటి సెమిస్టర్‌లో నాకు మూడు సబ్జెక్టులు పోయాయి. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ. ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన పిల్లకు ఆ మూడూ పోతే ఇంక మిగిలేదేముంది? ఇంగ్లీషు మిగిలింది. ఇంగ్లీషు పాసయ్యానని మా అమ్మ పటాల ముందు కర్పూరం వెలిగించింది. మిగతా మూడింటి సంగతి ఆమెకు చెప్పడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.

మాది సూలూరు పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా తెలుగు నోటితో మాట్లాడుకోవడానికే గాని కాగితం మీదికి ఎప్పుడూ రాలేదు. ఈ అక్షరాలు కూడా ఉద్యోగంలో చేరాక పంతం పట్టి నేర్చుకున్నవే. పన్నెండో క్లాసు దాకా తమిళంలో చదివి, మంచి మార్కులే తెచ్చుకుని, కోయంబత్తూరులో కాలేజీకి వెళ్లాను. అక్కడ అంతా ఇంగ్లీషు. దానికి భయపడ్డాను గాని, అనవసరంగా భయపడ్డాను. మా లెక్కల లెక్చరర్‌కూ ఇంగ్లీషు రాదు. ఆయన గోడ మీద స్లైడు వేసి చదివేవాడు. స్లైడులో అచ్చుతప్పులుంటే వాటిని కూడా వదలకుండా చదివేవాడు. "డౌట్ ఉందా?" అని అడిగేవాడు. ఉందని ఎవరైనా లేస్తే అదే స్లైడు మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఇంకాస్త గట్టిగా చదివేవాడు. చెవిటివాళ్లకు చెప్పినట్టు. రెండు వారాల తరువాత ఎవరూ లేవలేదు. డౌట్లు తీరిపోయాయనుకుని ఆయన సంతోషపడ్డాడు.

ఇంటికిచ్చిన లెక్కలు మాత్రం చేసుకురావాలి. దానికి క్లాసులో అందరి దగ్గరా ఒకటే మందు ఉండేది, ఫోన్. లెక్కను ఫోటో తీసి పెడితే చాలు, అందులో ఒక యాప్ మెట్టు మెట్టుగా విప్పి చూపిస్తుంది. నాలుగో మెట్టు నుంచి అయిదో మెట్టుకు ఎట్లా దూకిందో మాత్రం చెప్పదు. అక్కడ మనం కాలు విరగ్గొట్టుకోవాలి. అరవై మందీ అదే చూసి రాసేవాళ్లం. అరవై నోట్‌బుక్కుల్లోనూ అదే జవాబు, అవే మెట్లు, ఒకసారి ఫోటో సరిగ్గా పడక యాప్ మూడును ఎనిమిదిగా చదివితే అరవై మందికీ అదే తప్పు. లెక్చరర్ అన్నిటికీ టిక్కు పెట్టి ఇచ్చేశాడు. ఆయనకు మా మీద ఉన్న నమ్మకం అంతటిది.

మా అమ్మ కూడా తనకు చేతనైన సాయం చేసింది. ఎవరో చెబితే ఫోన్‌లో వెతికి, ఆంధ్రా నుంచి ఒక అయ్యవారు తెలుగులో లెక్కలు చెప్పే వీడియో పట్టుకొచ్చింది. "మన బాసలోదా చెప్తా ఉండారు కన్నూ, మన బాసలో చెప్తే బుర్రకు ఎక్కకుండా యాడికి పోతుంది?" అని నా పక్కన తనూ కూర్చుంది. ఆయన మొదలుపెట్టాడు. సమాకలని అన్నాడు, అవకలజం అన్నాడు, ప్రమేయం అన్నాడు. నాలుగు వందల ఏళ్లుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటున్న వంశం మాది. ఆ అయ్యవారు చెప్పినదాంట్లో మాకు అర్థమైన తెలుగు మాట 'అందరికీ నమస్కారం' ఒక్కటే. అమ్మ కాసేపు చూసి, "ఇది మన తెలుగు కాదు, చదువుకున్నోళ్ల తెలుగు" అని లేచి వంటింట్లోకి పోయింది.

కెమిస్ట్రీ, ఫిజిక్సు రెండోసారికి గట్టెక్కాయి. నేర్చుకుని కాదు, బట్టీ పట్టి. నీటి కాఠిన్యం ఎంతో కట్టే లెక్కను అంకెలతో సహా కంఠస్థం చేశాను. అదే లెక్క వచ్చింది, అవే అంకెలు వచ్చాయి, పాస్. కాఠిన్యం అంటే మా బోరునీళ్లేనని, పప్పు ఉడకకపోవడానికీ గిన్నెకు తెల్లగా పొలుసు కట్టడానికీ అదే కారణమని నాకు పాసైన ఏడాదికి తెలిసింది. ఎవడూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లకు తెలిస్తే కదా.

లెక్కలు మాత్రం రెండోసారీ పోయాయి. లెక్కల్ని బట్టీ పట్టడం కుదరదు. నేను ప్రయత్నించలేదని కాదు.

ఆ ఫలితం వచ్చిన వారమే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, అత్తను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. మామకు సూలూరులో ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డులో పన్నెండు పవర్‌లూమ్ మగ్గాలు ఉన్నాయి. ఆ ఇంట్లోవాళ్లకు మగ్గాల చప్పుడులో మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది. మా ఇంట్లో ఏ చప్పుడూ లేకపోయినా అట్లాగే మాట్లాడేవాళ్లు. అందువల్ల గదిలో ఉన్న నాకు ఒక్క మాట కూడా పొల్లుపోకుండా వినపడింది.

"ఇంగ ఒక్క తడవ చూస్తాము బావా" అంటున్నాడు నాయన. "ఈ తడవా పోయిందంటే చదివింది చాలు. కాలేజీ నిలిపేస్తాను. మీ పిలకాయకే ఇచ్చేసి నిమ్మతిగా ఉంటాను."

"పోతే పోనీ, మాకేమి" అంది అత్త. "ఇంట్లో ఒక ఇంజనీరు ఉండాడు, చాలదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నా కాలేజీ, నా పెళ్లి రెండూ ఒక్క లెక్కల పేపరుకు కట్టేశారు. పాసైతే చదువుతాను. ఫెయిలైతే మగ్గాల షెడ్డుకు ముందున్న ఇంట్లో గొంతు పెద్దది చేసుకుని బతుకుతాను. ఇదీ ఏర్పాటు. దాని మీద నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

అత్త చెప్పిన ఇంజనీరు గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన మామ కొడుకు, నాకు వరసైన బావ. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. ఆయన ఇంజనీరింగ్ ఆఖరు ఏడాదిలో ఉండగా వాళ్ల అక్క బిడ్డకు చెవులు కుట్టించారు. మా వైపు చెవికుట్టంటే పెళ్లి కన్నా తక్కువ కాదు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునే మేనమామకే ఆరోజు పెద్ద మర్యాద. బస్టాండు దగ్గర ఇంత ఎత్తు ఫ్లెక్సు కట్టారు. దాని మీద బిడ్డ ఫోటో చిన్నది, మేనమామ ఫోటో పెద్దది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, అందరినీ రమ్మని చేతులు జోడించి, పేరు పక్కన బి.ఇ. ఇంకా పరీక్షలు రాయనేలేదు. రాస్తాడు కదా, రాస్తే వస్తుంది కదా, పెద్దలు వచ్చే చోట ఒట్టి పేరు వేస్తే ఏం బాగుంటుంది, అని మామ ముందే వేయించాడు. ఆ రోజు నుంచి ఊళ్లో ఆయన పేరు ఇంజనీరు. తరువాత ఏ శుభలేఖలోనైనా ఆయన పేరు వస్తే వెనకాలే బి.ఇ. వచ్చేది. ఉద్యోగానికి మాత్రం వెళ్లలేదు. ఇంటి మగ్గాలు ఉండగా ఇంకొకరి దగ్గర చేతులు కట్టుకుని నిలబడేదేమిటని మామ అనేవాడు. నిజమే కాబోలనుకున్నాం.

నాకు ట్యూషన్ కావాలి. సూలూరులో లెక్కలు చెప్పే మాస్టరు ఒకాయన ఉన్నాడు, బాగా చెబుతాడని పేరు. కాని వయసులో ఉన్నాడు, పైగా మనవాడు కాదు. "ఆడబిడ్డను ఎవురి ఇంటికో పంపి కూర్చోబెట్టేదానికి ఎట్ల అవుతుంది?" అన్నాడు నాయన. బావ దగ్గరైతే ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఒక మాట అనరు. వరసైనవాడు. రేపు కట్టుకునేవాడు. మా వాళ్ల మర్యాద అట్లాంటిది. లెక్కలు తెలిసినవాడి దగ్గరికి పంపితే పరువు పోతుంది, తెలియనివాడి దగ్గరికి పంపితే సంబంధం కుదురుతుంది.

"మా ఇంజనీరు ఉండేటప్పుడు ఊరోళ్ల దగ్గరికి యాల పోయేది?" అని అత్త గంట కొట్టినట్టు చెప్పింది. "ఆదివారం ఆయప్ప సుమ్మాదా కూర్చోని ఉండాడు."

ఆయన సుమ్మా, అంటే ఊరికే, కూర్చుని ఉన్న మాట నిజం. ఆదివారమే కాదు, ఏ వారమైనా.

అట్లా ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే నోట్‌బుక్కు పట్టుకుని బస్సెక్కి మామ ఇంటికి వెళ్లేదాన్ని. ముందుగదిలో బల్ల. బావ కుర్చీలో, నేను స్టూలు మీద. వెనక మగ్గాలు టకటక టకటక. మధ్యలో సూలూరు విమాన స్థావరం నుంచి ఏదో ఒక విమానం ఇల్లు అదిరేలా పైనించి పోయేది, అప్పుడు బావ పెన్ను పైకెత్తి, అది పోయేదాకా గంభీరంగా ఆగేవాడు. లెక్క నడుస్తున్నంతసేపూ ఆయనకు బాగా కుదిరింది ఆ ఆగడం ఒక్కటే.

మొదటి రోజు నన్ను చూసి ఆయన అన్న మాట, "తమిళ మీడియందానే నువ్వు? కష్టందా." ఆయనా తమిళ మీడియమే. అదే బడి, అదే వీధి. ఫ్లెక్సు కట్టాక మీడియం మారిపోయినట్టుంది.

చెప్పడం ఆయన వేగంగా చెప్పేవాడు. అందులో లోటు చేయలేదు. ఎక్కడా తడబడడు, నీళ్లు నమలడు. ఇది ఇక్కడ వెయ్యాలి, అది అక్కడికి పోతుంది, కొట్టేస్తే జవాబు, చూసినావా. అత్త కాఫీ తెచ్చి ముందు ఆయనకిచ్చి, తరువాత నాకిచ్చి, నోట్‌బుక్కులోకి తొంగి చూసి, "ఎంత కణక్కు రాసేసినారు" అని ఆనందపడేది. ఆమెకు లెక్క రాదు. పేజీలు లెక్కపెట్టడం వచ్చు.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, వృత్తం విస్తీర్ణం కట్టే లెక్క వచ్చింది. కాలేజీలో దాన్ని ఇంటెగ్రేషన్‌తో చేయాలి. చిన్న చిన్న ముక్కలుగా కోసి అన్నీ కలపాలి. బావ టకటకా చేసేసి కింద రెండు గీతలు గీశాడు. జవాబు రెండు పై ఎ, ఎ అంటే వ్యాసార్ధం. నేను చూశాను. మళ్లీ చూశాను.

"బావా, రౌండు విస్తీర్ణం పై ఎ స్క్వేర్ కదా? మనకు రెండు పై ఎ వస్తా ఉండాదే."

"అది పదో క్లాసు కణక్కు" అన్నాడు బావ, కాఫీ గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకుని. "ఇది కాలేజీ. పెద్ద కణక్కులో అట్లదా వస్తుంది."

వృత్తం కాలేజీలో చేరగానే విస్తీర్ణం మార్చుకుంటుందన్నమాట. రెండు పై ఎ అంటే వృత్తం చుట్టుకొలత. పొలం ఎంతుందో చెప్పరా అంటే దాని చుట్టూ ఎంత కంచె పడుతుందో చెప్పాడు మహానుభావుడు. అదీ తడుముకోకుండా. నేను తల ఊపి నోట్‌బుక్కులో రాసుకున్నాను. తల ఊపడం తప్ప ఆ ఇంట్లో నాకు వేరే పని లేదు కదా.

బస్సులో ఇంటికొస్తూ యాప్‌లో చూశాను. యాప్‌లో జవాబు పై ఎ స్క్వేర్. అంటే వృత్తం ఇంకా వృత్తంలాగే ఉంది. బావ చేసిన లెక్కనూ యాప్ చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి వరుస వరుసగా చూస్తే తేడా ఒక్క అక్షరం. మధ్యలో 'ఆర్' అని ఒకటి అదనంగా రావాలి. బావ దాన్ని మింగేశాడు. సరే, అది ఎందుకు రావాలి? యాప్ చెప్పలేదు. అది ఎప్పుడు చెప్పింది గనుక.

రెండు రోజులు ఆ ఒక్క అక్షరం నన్ను తినేసింది. మూడో రోజు పొద్దున అమ్మ దోసె వేసి పెట్టింది. దాన్ని మధ్య నుంచి అంచుదాకా సన్నగా ముక్కలుగా చింపుతూ చూశాను. ప్రతి ముక్కా మధ్యలో మొనదేలి, అంచుకు వచ్చేసరికి వెడల్పు. మధ్యకు దూరమయ్యేకొద్దీ వెడల్పు పెరుగుతోంది. ఎంత దూరమైతే అంత వెడల్పు. ఆ దూరమే 'ఆర్'. దాన్ని వదిలేస్తే అంచు ముక్కకూ మధ్య ముక్కకూ ఒకటే లెక్క వేసినట్టు. దోసె చల్లారిపోయింది. అమ్మ తిట్టింది. కాలేజీలో చేరాక లెక్కల్లో ఒక విషయం నాకు నిజంగా అర్థమైన మొదటి రోజు అది. సంతోషంతో ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఆ వారం నాకు ఒక అనుమానం కూడా వచ్చింది. నేను ఫెయిలైతే పెళ్లి ఈయనతోనే కాబట్టి కావాలని తప్పు చెబుతున్నాడేమోనని. తరువాత ఆ అనుమానం వదిలేశాను. అంత తెలివే ఉంటే లెక్కలూ వచ్చేవి.

అక్కడి నుంచి నా చదువు దారిలో పడింది. ఎట్లాగంటే, ఆదివారం బావ చెప్పినదంతా బుద్ధిగా రాసుకునేదాన్ని. సోమవారం నుంచి అందులో తప్పు ఎక్కడుందో వెతికేదాన్ని. ఉంటుందని గ్యారంటీ. ఆ విషయంలో బావ నన్ను ఏ వారమూ నిరాశపరచలేదు. గుర్తు మార్చేవాడు, హద్దులు మార్చేవాడు, సున్నాతో భాగించేవాడు. సున్నాతో భాగించి కింద రెండు గీతలు గీసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన పప్పులో కాలేసిన ప్రతి చోటా నేను ఆగి, కాలు ఎందుకు పడిందో తెలుసుకోవాల్సి వచ్చేది. యాప్ తప్పు చేయదు కాబట్టి దాని దగ్గర నాకు ఏమీ రాలేదు. లెక్చరర్ తప్పు చేసినా తెలియనంత దూరంలో ఉండేవాడు. బావ తప్పులు మాత్రం నాకు అందేంత ఎత్తులో ఉన్నాయి. ఇంత గొప్ప గురువు దొరకడం అదృష్టమేనని ఇప్పటికీ అంటాను.

ఆయనకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెబితే కోపం వస్తుంది, ట్యూషన్ ఆగిపోతుంది. అమ్మాయికి పొగరెక్కిందని మా ఇంటిదాకా వస్తుంది. అత్త కాఫీ తాగి తల ఊపి వచ్చేదాన్ని. మామ మగ్గాల దగ్గర నుంచి దూది అంటిన చొక్కాతో వచ్చి, "ఎట్ల కన్నూ, నీ బావ నేర్పించేది?" అనేవాడు. "చాలా నేర్చుకుంటా ఉండాను మామా" అనేదాన్ని. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు.

పరీక్ష రోజు వచ్చింది. మా కాలేజీలోనే, మధ్యాహ్నం పూట. పోయిన పేపర్లు రాసేవాళ్ల హాలు ఎట్లా ఉంటుందో రాసినవాళ్లకే తెలుసు. మాలాంటి చిన్నవాళ్లతో పాటు పాత బ్యాచ్‌లవాళ్లు, మీసాలవాళ్లు, మెడలో తాళిబొట్టు ఉన్నవాళ్లు, కంపెనీ యూనిఫాం మీదే వచ్చినవాళ్లు. ఎక్కడో ఒక కాలేజీ మూతపడిందని అక్కడివాళ్లను కూడా మా దగ్గరికే పంపారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. ఆసుపత్రిలో రహస్య రోగాల వరుసలో కూర్చున్నట్టు కూర్చుంటారు.

గుమ్మంలో బావ కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, నుదుటన విభూది. నాకు ధైర్యం చెప్పి రమ్మని అత్త పంపించి ఉంటుంది, హాల్లో అందరి ముందూ నా పరువు పోతుంది అనుకున్నాను. ఆయన నన్ను చూశాడు. చూసి, చూడనట్టు తల తిప్పి, చేతిలోని కాగితం చూసుకుంటూ బెంచీల నంబర్లు వెతుక్కుంటూ వచ్చి, నాకు ముందు రెండో వరుసలో కూర్చున్నాడు. ఆ కాగితం హాల్ టికెట్.

ఒక నిమిషం నాకేమీ అర్థం కాలేదు. ఇన్విజిలేటర్ ప్రశ్నపత్రాలు పంచింది. నాకిచ్చిందే ఆయనకూ ఇచ్చింది. లెక్కలు, మొదటి పేపరు.

నవ్వొచ్చింది. నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాను. బస్టాండు దగ్గర అంత ఎత్తున కట్టిన ఫ్లెక్సు, శుభలేఖలు, ఇంజనీరు, తమిళ మీడియందానే నువ్వు, పెద్ద కణక్కులో అట్లదా వస్తుంది. నాకు పోయిన పేపరే ఆయనకూ పోయింది. నేను రెండుసార్లే పోగొట్టుకున్నాను. ఆయన ఎన్నేళ్లుగానో.

తరువాత తల వంచుకుని రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే చేయి ఆగలేదు. ఎక్కడ కాలు జారుతుందో ప్రతి చోటా నాకు ముందే తెలుసు, నాకన్నా ముందు బావ జారి చూపించాడు. మధ్యలో ఒకసారి తలెత్తితే ఆయన వీపు కనిపించింది. ఎంత వేగంగా రాస్తున్నాడో. అంతేకాదు, చేయెత్తి అదనపు కాగితాలు కూడా అడిగాడు. తప్పు చేయడానికి కూడా ఆయనకు చోటు చాలలేదు.

పరీక్ష అయ్యాక నేను బయటికొచ్చేసరికి, గేటు అవతల సర్బత్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు గ్లాసులు చెప్పాడు. ఒకటి నాకిచ్చాడు.

"ఏమే, ఎట్ల రాసినావు?" అన్నాడు, ఏమీ జరగనట్టే, ఆదివారం గొంతుతో.

"మీరు ఎట్ల రాసినారు బావా?"

"బాగదా రాసినాను." సర్బత్ ఒక గుక్క తాగి, "పోయిన తడవ కూడా బాగదా రాసినాను" అన్నాడు.

ఆ మాటకు నవ్వాలి. నా దగ్గర నవ్వు చాలానే నిలవ ఉంది. కాని అది రాలేదు. ఆయన నిజంగానే బాగా రాశాననుకుంటున్నాడు. ప్రతిసారీ అట్లాగే అనుకుని ఇంటికి వెళ్లి, ఫలితం వచ్చేదాకా హాయిగా ఉన్నాడు.

"ఎన్నో తడవ?"

"నేను ఎంచలేదు" అన్నాడు. "కడమ అంతా అప్పుడే పాసు. ఇదొక్కటేదా."

ఇంట్లో చెప్పవద్దని ఇప్పుడు బతిమాలుతాడనుకున్నాను. దానికి నా షరతు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన నోరు తెరవకముందే చెప్పేశాను. "నేను ఎవురికీ చెప్పను. మీరు పోయి మా నాయన దగ్గర ఈ పెండ్లి వద్దని చెప్పండి."

ఆయన నన్ను వింతగా చూశాడు. "చెప్పేసినానే" అన్నాడు. "ఆ పాప చదవనీ, నాకు ఇప్పుడు వద్దు అని చెప్పినాను. ఒక తడవ కాదు. నాకు డిగ్రీ రాలేదని కూడా చెప్పినాను. మీ నాయనకు అంతా తెలుసును."

"ఎప్పుడు తెలుసును?"

"మూడేండ్లు అయ్యింది. మిల్లులో ఒక వేల, ఉద్యోగం, ఉండాది, సర్టిఫికెట్ ఎత్తుకుని రా అని మీ నాయన పిలిచినారు. యాడ నుంచి ఎత్తుకుని వచ్చేది? ఉండేది చెప్పేసినాను. ఒక్క పేపరుదానే, మగబిడ్డకు అది ఒక లెక్కా, తరి మగ్గాలు ఉండాయి, ఇల్లు ఉండాది, ఎవురికీ చెప్పవద్దు అన్నారు." గ్లాసు బండి మీద పెట్టాడు. "మీ నాయన మంచోరు" అన్నాడు.

ఆయన నిజంగానే అన్నాడు ఆ మాట. వెటకారం ఆయనకు చేతకాదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ దారంతా నాకు బావ మీద ఉన్న వెక్కిరింత అంతా ఎటో పోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి మా రెండు ఇళ్లలో ఆయనొక్కడే. అంత ఫ్లెక్సు కట్టింది ఆయన కాదు. అబద్ధం ఇంటి పెద్దల చేతుల్లో ఉంది, ఈయన దాని కింద కళ్లద్దాలు పెట్టుకుని చేతులు జోడించి నిలబడ్డాడు. అంతే. నా కడుపు మండింది నాయన మీద. ఒకే పేపరు. అదే ప్రశ్నలు, అవే మార్కులు. అది బావకు పోతే అది ఒక లెక్కా కాదు, ఇంజనీరు ఇంజనీరే. నాకు పోతే నా చదువు ఆపి నన్ను ఆ ఇంజనీరుకే ఇచ్చేయాలి. నాయన అది తెలిసే చేశాడు. మూడేళ్లుగా తెలిసి, నాకు వినపడేలా మామతో కూర్చుని, ఇంగ ఒక్క తడవ చూస్తామని పెద్ద దయ చూపించాడు.

ఇంటికొచ్చేసరికి నాయన వాకిట్లో కొబ్బరికాయలు వలుస్తున్నాడు. నేలలో నాటిన గునపానికి కాయను పొడిచి, మెలిపెట్టి, పీచు లాగి పక్కన పడేస్తున్నాడు. అమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది.

"ఎట్ల రాసినావు పాపా?" అన్నాడు, కాయ మీద నుంచి చూపు ఎత్తకుండా.

బ్యాగు భుజాన ఉండగానే చెప్పాను. "బావ కూడా వచ్చి ఉండారు, అదే పేపరు రాసేదానికి. ఆయన కన్నా బాగ రాసినాను నాయనా."

ఆయన చేతిలో కాయ గునపం మీదే ఆగిపోయింది.

"ఏ బావ? ఏమి పేపరు?" అంది అమ్మ. పాపం, ఆమెకు నిజంగానే తెలియదు. నన్ను చూసింది, నాయనను చూసింది. నాయన కాయను పెరికి, అది సగం వలిచిందో లేదో కూడా చూసుకోకుండా కుప్పలోకి విసిరి, ఇంకో కాయ తీసుకున్నాడు. నేను లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాను.

ఫలితాలకు ఇంకా ఆరేడు వారాలున్నాయి. ఆ సోమవారమే నాయన తెల్లచొక్కా వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా కోయంబత్తూరు వెళ్లి, నా తరువాతి సెమిస్టర్ ఫీజు కట్టి వచ్చాడు. రసీదు నా పుస్తకాల మీద పెట్టి పోయాడు. ఫలితం వచ్చింది, నేను పాసయ్యాను, నాలుగేళ్లూ చదివాను. పాసయ్యావా అని మాత్రం ఆయన ఇప్పటిదాకా నన్ను అడగలేదు.